గిన్నెలో మందు

పంపు భుజానికెత్తుకునే ముందు కాయ కోసి చూడాలని, దుకాణంలో అడిగే ముందు చేనును అడగాలని ఈ కాలమ్‌లో రాస్తూనే ఉన్నాను. చదివేవాళ్లకు ఇది పాత పాటే. ఈ వారం ఆ పాటకు కొత్త చరణం టెక్సాస్ నుంచి వచ్చింది. అక్కడుండే మా మేనల్లుడు ఆదివారం పొద్దున ఫోన్ చేసి, "మామా, మన పత్తికి కొట్టే ఇమిడాక్లోప్రిడ్ లేదా, దాంట్లనే నా పగడాలను ముంచుతున్న" అన్నాడు.

వాడు పుట్టింది ఉట్నూర్ పక్కన, నల్లరేగడి చేన్ల మధ్య. ఇప్పుడు ఇంట్లో ఉప్పునీటి తొట్టి పెట్టుకున్నాడు. లీటరు నీటికి 35 గ్రాముల లెక్కన ఉప్పుండాలి, వేడి 25, 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి, పైన నీలం దీపాలు వెలగాలి. అందులో చేపలు తక్కువ, బతికున్న పగడాలు ఎక్కువ. ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం కాదు, కొమ్మలు కొమ్మలుగా పెరిగే ఆక్రోపోరా అనే రకం. చూపుకు చెట్టు, పుట్టుకకు జంతువు. దాని ఒంట్లో కాపురమున్న నాచు వెలుతురుతో తిండి చేసి పెడుతుంది. పెంపకందారులు కొమ్మ విరిచి చిన్న బిళ్లకు అతికించి అమ్ముతారు. మన దగ్గర సంగతి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో 2001లోనే రాతి పగడాలను చేర్చారు. మన సముద్రంలోంచి విరవడం, అమ్మడం నేరం. హైదరాబాద్‌లో ఎవరైనా దొంగచాటుగా ముక్క చూపిస్తే కొనకండి.

వాడి తొట్టిలో కొమ్మల మీద గుండ్రటి తెల్లమచ్చలు పడ్డాయి. ఫోను అద్దానికి ఆనించి పట్టుకుని, రబ్బరు బుడ్డ ఉన్న గొట్టంతో కొమ్మ మీదికి నీళ్లు చిమ్మాడు. అప్పటిదాకా కొమ్మ రంగులోనే కలిసిపోయి కనబడనిది, ఉల్లిపొర ఊడినట్టు ఊడి నీళ్లలో ముడుచుకుంటూ పోయింది. పగడాన్ని తినే బల్లపరుపు పురుగు అది. గొర్రెల కార్జపు జలగ కూడా ఈ వర్గానిదే. తిన్న పగడంలోని నాచు దాని కడుపులో కనబడుతూ ఉంటుంది కాబట్టి కూర్చున్న కొమ్మ రంగే దానికీ వస్తుంది. ఈ పురుగు సముద్రంలో కంటే ముందు మనుషుల ఇళ్లలోని తొట్లలోనే బయటపడింది. 2011లో శాస్త్రవేత్తలు పేరు పెట్టిన తర్వాతే ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో దీన్ని సహజంగా చూశారు. సముద్రంలో దీన్ని తినే నోళ్లు ఎన్నో ఉంటాయి. తొట్టిలో ఆక్రోపోరాలు ఉన్నాయి, తినే పురుగు ఉంది, పురుగును తినే నోళ్లు మాత్రం అన్ని లేవు. గట్టు నుంచి గట్టుదాకా ఒకటే పత్తి వేసిన చేను తెలిసినవాళ్లకు ఈ సంగతి విప్పి చెప్పనక్కర్లేదు.

కొందరు గొర్రెలకు తాగించే నట్టల మందు లెవామిసోల్ వాడతారట. వాడు ఎంచుకున్నది పత్తి మందు. ఆ మాట వినగానే నాకు కోపమొచ్చింది. కారణం యవత్మాల్.

2017 వానాకాలంలో పెన్‌గంగ అవతల యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ సుమారు ఇరవై మంది రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ ఏడు పత్తి మనిషెత్తు పెరిగింది. మందు ముఖం మీదికే వచ్చింది. రెండు మూడు మందులు ఒకే పంపులో కలిపారు. మాస్కు లేదు, చేతికి తొడుగు లేదు, ఎండకు చెమట పట్టిన ఒళ్లు. మన ఆదిలాబాద్ చేన్లకూ ఆ చేన్లకూ మధ్య ఉన్నది ఒక్క నది. అక్కడ కొట్టిన మందులే ఇక్కడా కొట్టారు. ఆ తర్వాత ఏ మందు సీసా చూసినా నాకు ముందు ఆ వరుస మంచాలే కనబడతాయి.

ఇంత విషం ఎందుకు కొట్టవలసి వచ్చిందో కూడా చెప్పాలి. 2002లో బీటీ విత్తనం వచ్చినప్పుడు కాయతొలుచు పురుగుల బాధ తీరిందనుకున్నాం. 2010 నాటికి గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి బీటీని తట్టుకుంటున్నట్టు తేలింది. 2006లో వచ్చిన రెండు జన్యువుల బీజీ-2ను కూడా పదేళ్లు గడవకముందే తట్టుకుంది. గుడ్డు పగలగానే పిల్ల పురుగు కాయలో దూరుతుంది, దూరిన రంధ్రం పూడుకుపోతుంది, లోపల గింజను తింటూ కూర్చుంటుంది. పైన మనం ఎంత కొట్టినా ఆకు తడుస్తుంది తప్ప పురుగు తడవదు. ఇమిడాక్లోప్రిడ్ అసలు దాని మందే కాదు, పచ్చదోమ, పేనుబంక లాంటి రసం పీల్చే పురుగులది. అయినా దుకాణంలో రెండూ కలిపి చేతిలో పెడతారు, కలిపి కొడతాం.

ఇదే గులాబీ పురుగు అల్లుడుండే టెక్సాస్‌లో 1917లో కనబడింది. అమెరికాలో కనబడిన మొదటి చోటు అదే. 2018 అక్టోబరులో ఆ దేశం తన పత్తిలో అది పూర్తిగా పోయిందని ప్రకటించింది. నూరేళ్లు పట్టింది. పోయింది పంపుతో కాదు. బీటీ విత్తనంతో పాటు పిల్లలు పుట్టని మగ, ఆడ రెక్కల పురుగులను విమానాలతో చేన్ల మీద వదిలారు, లింగాకర్షక మందుతో జత కలవకుండా చేశారు, పంట అయిపోగానే కట్టెను నేలలో కలిపి దున్నారు. ఒక్కడు చేసి పక్కోడు మానేస్తే సాగే పని కాదు, అందరూ ఒక్క మాట మీద చేశారు.

కాబట్టి అల్లుడికి చెప్పడానికి నా దగ్గర మాట సిద్ధంగా ఉంది. సీసా పక్కన పెట్టు, పురుగును తినే చేపను తెచ్చుకో అని. అలాంటి చేప ఉంది కూడా. ఒంటి మీద ఆరు గీతలుండే చిన్న రాస్ చేప ఈ పురుగులను ఏరుకు తింటుంది. ఒక రకం పెప్పర్‌మింట్ రొయ్య గుడ్లను కూడా తింటుంది. ఆస్ట్రేలియాలో పరీక్షించి చూశారు, పురుగులు బాగా తగ్గాయి. మిత్ర పురుగుల గురించి ఏళ్ల తరబడి రాస్తున్న నాకు ఇంతకంటే ఏం కావాలి?

వాడు నా మాట పూర్తిగా విని, తను చేసే పని చూపించాడు. చేప తొట్టిలో ముందే ఉంది. తగ్గించింది కానీ, కొమ్మల మొదట్లో దాక్కున్నవాటిని వదిలేసింది. అందుకని కొమ్మను తొట్టిలోంచి తీసి విడి గిన్నెలో పెట్టాడు. చేతికి తొడుగు ఉంది. మందు కొలిచి కలిపాడు, గడియారం చూసుకున్నాడు, నీళ్లు చిమ్మి పురుగులను రాల్చాడు. తర్వాత మంచినీళ్లు కాదు, తొట్టి ఉప్పునీళ్లే ఉన్న మరో రెండు గిన్నెల్లో కడిగాడు. ఆ మందు చుక్క తొట్టిలో పడినా రొయ్యలు చస్తాయి. ఆ తర్వాత భూతద్దం పట్టుకుని, కొమ్మ మొదట్లో కండ చచ్చిన చోట గోధుమరంగులో అంటుకుని ఉన్న గుడ్లను బ్లేడుతో గీకాడు. గుడ్డును ఏ మందూ చంపదు. వేడిని బట్టి రెండు మూడు వారాల్లో పొదుగుతాయి కాబట్టి మళ్లీ ముంచాలి, మళ్లీ గీకాలి. ఇకమీదట కొనే ప్రతి ముక్కనూ ముందు విడి తొట్టిలో వారాల తరబడి ఉంచి చూస్తాడు, అప్పుడే పెద్ద తొట్టిలోకి.

ఆ సీసా మీద పగడాల పేరెక్కడా లేదు. వాడకూడదనే ఇప్పటికీ అంటాను, వాడికీ అదే చెప్పాను. పగడాల కోసమే చేసిన ముంచుడు మందులు దొరుకుతుండగా ఇదెందుకు? కానీ ఆ చేతి పనికి వంక పెట్టలేను. విషం గిన్నె దాటలేదు. ఎవరి ఒంటి మీదా పడలేదు, ఏ వాగులోనూ కలవలేదు. చేప చేయగలిగింది చేపకు, కన్ను చేయగలిగింది కంటికి, మిగిలిన కాస్తే మందుకు వదిలాడు. మిత్ర పురుగు ఒక్కటే చాలునని నేనిన్నాళ్లు రాసిన మాటను ఇక అలా రాయను. చాలదు. మందూ కావాలి, కానీ గుడ్డు ఎక్కడుందో కళ్లతో చూసి, చేత్తో తీసిన తర్వాతే దాని వంతు.

మన పత్తి ఇప్పుడు పూత మీద ఉంది. పొద్దున్నే సాళ్లలోకి దిగండి. రేకులు విప్పుకోకుండా మూతి బిగించుకున్న గుడ్డి పూలు కనబడితే తెంపి, లోపలి పురుగుతో సహా నలిపేయండి, గట్టు మీద పారేయకండి. లింగాకర్షక బుట్టలు కట్టి రోజూ లెక్క చూడండి. వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది చొప్పున రెక్కల పురుగులు పడితే, అప్పుడు తొడుగూ మాస్కూ పెట్టుకుని, ఒక్కటే మందు కలుపుకుని, గాలికి ఎదురు కాకుండా కొట్టండి.