‘జబర్దస్త్’ స్త్రీవేషం – తిరుపతి గంగమ్మ జాతర వేషాలు : హాస్యలక్ష్య పరిశీలన

ఈటీవీలో 2013 ఫిబ్రవరిలో మొదలైన ‘జబర్దస్త్’ తెలుగు టెలివిజన్ హాస్యానికి ఒక చట్రాన్ని స్థిరపరచింది. నాయకుని పేరుతో నడిచే జట్టు, కొద్ది నిమిషాల స్కిట్, చివర న్యాయనిర్ణేతల మార్కులు. ఏ ఎపిసోడ్ చూసినా దాదాపు ఇదే వరుస. ఈ చట్రంలో తరచుగా కనిపించే పాత్ర చీర కట్టిన పురుషుడు. వాడుకలో ‘లేడీ గెటప్’. దీనిపై అసభ్యత ఆరోపణ వచ్చినప్పుడల్లా ఒక సమర్థన వినిపిస్తుంది: మగవాళ్ళు ఆడవేషం కట్టడం, బూతు పలకడం మన జానపద సంప్రదాయంలో ఉన్నవే కదా అని. ఆ సమర్థనను తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర ఎదుట నిలిపి చూడవలసి ఉంది.

జాతర ఏటా వేసవిలో వారం రోజులు సాగుతుంది. స్త్రీలను చెరబట్టే పాలెగాణ్ణి వెదకుతూ గంగమ్మ బైరాగి, బండ, తోటి వంటి వేషాలు ధరిస్తుందని, దొర వేషంలో అతణ్ణి బయటికి రప్పించి సంహరిస్తుందని కథ. ఆ వేషాలు కట్టేది కైకాల కుటుంబ పురుషులు. వారితోపాటు సామాన్య పురుషులు కూడా మొక్కు తీర్చుకోవడానికి చీర కట్టి, పూలు ముడిచి తల్లి దర్శనానికి వెళతారు. బూతు తిట్లూ ఆచారంలో భాగమే. నవ్వుకు అక్కడ కొదవ లేదు. కానీ చీర కట్టడం అక్కడ దిగజారడం కాదు. పురుషులు వేషం ద్వారా మార్పు చెంది దేవికి సన్నిహితులవుతారని జాయిస్ ఫ్లూకిగర్ ఈ జాతరపై రాసిన గ్రంథంలో విశ్లేషించారు. ఆ గ్రంథం వెలువడిన సంవత్సరమూ 2013 కావడం యాదృచ్ఛికమే అయినా గమనార్హం.

తెలుగు రంగస్థలానిది మరొక మార్గం. స్థానం నరసింహారావు సత్యభామగా నిలిచినప్పుడు వేషధారి పురుషుడన్న సంగతిని ప్రేక్షకుడు మరచిపోవాలి. నటన సాఫల్యం అక్కడే ఉంది. జాతరలో వేషధారి తన పురుషత్వాన్ని పక్కన పెడతాడు. ‘జబర్దస్త్’లో ఎవరూ ఏదీ మరచిపోకూడదు. మోటు గొంతు, భుజాల వెడల్పు, సరిగా నిలవని పైట పదేపదే గుర్తుచేస్తేనే పంచ్ పేలుతుంది. చమ్మక్ చంద్ర ప్రసిద్ధి పొందిన భార్యాభర్తల స్కిట్లలో దెబ్బ తినేది ఎక్కువగా ఆ ‘భార్య’ రూపమే. పురుషుని దేహంపై వేసినట్టు కనిపించే పరిహాసం భార్య అనే పాత్రకు తగులుతుంది. అందులోనే హిజ్రాలకూ తగులుతుంది. 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల లింగ అస్తిత్వాన్ని గుర్తించిన తరువాత కూడా ఈ పంచ్‌ల తీరు పెద్దగా మారలేదు.

హైపర్ ఆది వంటివారి ప్రాసపంచ్‌లలో భాషాచమత్కారం లేకపోలేదు. దానిని కొట్టివేయడం విమర్శ కాదు. అయితే ప్రతి పంచ్ తరువాత కెమెరా న్యాయనిర్ణేతల నవ్వు మీదికి మళ్ళడం గమనించాలి. నగరి నుండి శాసనసభకు ఎన్నికైన రోజా 2022 వరకు ఆ స్థానంలో ఉన్నారు. స్త్రీపై వేసిన పరిహాసానికి స్త్రీయే నవ్వుతున్నట్టు చూపడం ఇంట్లోని ప్రేక్షకునికి అనుమతిపత్రంలా పనిచేస్తుంది. ఇది వ్యక్తి దోషం కన్నా కూర్పు చేసే పని.

జాతర బూతుకు గడువుంది. విశ్వరూపం చెంప నరకడంతో ఆ స్వేచ్ఛ ముగుస్తుంది. దానికి గురి కూడా ఉంది: కథలో తల తెగేది అధికారం చేతిలో ఉన్నవాడిది. 2024 వరకు గురువారం ‘జబర్దస్త్’, శుక్రవారం ‘ఎక్స్‌ట్రా జబర్దస్త్’ వచ్చేవి, ఆపై యూట్యూబ్. ఇక్కడ గడువు లేదు, పాలెగాడు లేడు. ప్రేక్షకుల అభిరుచే ఇంత అనే వాదమూ నిలవదు. 2024 డిసెంబరులో విడుదలైన ‘పుష్ప 2’ జాతర ఘట్టంలో అల్లు అర్జున్ చీర కట్టాడు. ఆ దృశ్యం నవ్వును కోరలేదు. ‘జబర్దస్త్’ చూసే ఇళ్ళవారే థియేటర్లకు వెళ్ళి దానిని చూశారు.