ఆపుట యందలి నేర్పు

గోష్పాద క్షేత్రము చెంత గోదావరి వలె నిదానమెఱిగిన కొవ్వూరి కారు మేస్త్రి, చక్రమూడదీసి, డిస్కు అంచున గోరు నిలిపి, అచ్చట గట్టు కట్టినదో లేదో తడిమి చూచిన పిదపగాని బ్రేకు ప్యాడ్ల మాట యెత్తడు. క్రొత్తదానియందు సుమారు 10 మిల్లీమీటర్ల మందముండు రాపిడిపొర 3 మిల్లీమీటర్లకు దిగినచో మార్పు తప్పదనియు, ఒక చక్రమునకు మార్చి దాని జతను విడిచిన బ్రేకు వేసినపుడు బండి ప్రక్కకు లాగుననియు ఆతడు వివరించు తీరు వైద్యుని నాడీపరీక్షను తలపించును.

"చవకదానికి ఆశపడకండి బాబుగారూ, మరీ గట్టిదైతే డిస్కుని తినేస్తదండి, మరీ మెత్తనిదైతే తొందర్లోనే మళ్ళీ నా దగ్గరికే వస్తారండి" అని నవ్వుచు, పెట్టెమీది నంబరును బండి తయారైన సంవత్సరముతో సరిచూచి, పిస్టనును మెల్లగా వెనుకకు నొక్కి, పిన్నులకు వేడికోర్చు గ్రీజు పూసి, పాత ప్యాడ్ల స్థానమున క్రొత్తవానిని అమర్చి, పెడలు గట్టిపడువఱకు తొక్కించును.

గోదావరిపై 1974లో తెఱువబడిన రోడ్డు-రైలు వంతెన మీద ముందరి బండి తటాలున నిలిచినపుడు, పిల్లాపాపలతో రాజమహేంద్రవరమునకు పోవు కుటుంబమునకు రక్ష, అరచేత నిమిడిపోవు ఈ ప్యాడు ముక్కయే. అందుచేతనే కాబోలు, డబ్బు లెక్కింపక మునుపే, ప్యాడ్లు డిస్కుతో కుదురుకొనువఱకు గట్టిగా తొక్కవలదని చెప్పుట ఆతడెన్నడును మఱువడు.