సెలవు పనులు, ఆన్‌లైన్ సామగ్రి: ఒక పరిశీలన

దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు రాగానే పిల్లలకు ఏదో ఒక ప్రాజెక్టు పని అప్పగించుట మన పాఠశాలలలో పరిపాటి. పూర్వము ఆ పనిని ఉపాధ్యాయుడు తానే ఆలోచించుకొనవలసి వచ్చేది. ఈనాడు అది ఆన్‌లైన్‌లో కుప్పలు తెప్పలుగా దొరుకుతున్నది. 2017 సెప్టెంబరు 5న ప్రారంభమైన దీక్షా వేదిక, టీ-శాట్ ప్రసారములు, పాఠ్యపుస్తకముల పుటలపై ముద్రించిన క్యూఆర్ గుర్తులు ఒక వైపు. విదేశములలోని ఉపాధ్యాయులకై తయారైన రంగురంగుల వర్క్‌షీట్లు మరొక వైపు. సామగ్రికి కొరత లేదు. అయితే అది ఎవరి ఆకాశమును, ఎవరి చెట్లను చూచి వ్రాసినది అన్న ప్రశ్న మాత్రము తరచు ఎవరూ వేయరు.

ఈ ప్రశ్నను మన్ననూరులో నిలబడి వేసి చూడవచ్చును. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలములోని ఈ ఊరు హైదరాబాదు-శ్రీశైలం మార్గముపై నల్లమలకు వాకిలి వంటిది. ఊరు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యము. లోపల చెంచుపెంటలు. సెలవులకు పెంటకు పోయిన పిల్లవానికి ఫోను సంకేతము అందుట కొన్ని చోట్ల గగనమే. 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠములు మొదలైనప్పుడు కూడ టీవీ గాని ఫోను గాని లేని ఇంటికి అవి చేరలేదు. ఇది అందరికీ తెలిసిన లోపమే కనుక ఇంతటితో వదలివేయవచ్చును. అందిన సామగ్రిలో ఉన్న లోపము ఇంతకన్న సూక్ష్మమైనది.

అక్టోబరు సెలవులకై దొరికే పత్రములలో ఆకుల ప్రాజెక్టు ప్రసిద్ధమైనది. శరత్తులో ఆకులు ఎరుపు, పసుపు రంగులకు తిరిగి రాలునని, వాటిని ఏరి కాగితముపై అంటించుమని అందులో ఉండును. శీతల దేశములలో పగలు కురుచై, చలి ముదిరినప్పుడు చెట్లు ఆకులు రాల్చుట నిజమే. కాని నల్లమలలో అక్టోబరు నాటికి వానలు కురిసి అడవి పచ్చగా ఉండును. ఇక్కడి టేకు, తునికి, నల్లమద్ది, మోదుగ ఆకురాల్చుటకు ముఖ్య కారణము చలి కాదు, నీటి ఎద్దడి. ఫిబ్రవరి మొదలు ఎండలు ముదిరిన కొలదీ అడవి బోసిపోవును. ఆకులేని కొమ్మలపై మోదుగ పూచును, తరువాత ఇప్పపూలు రాలును. ఈ సంగతి చెంచు పిల్లవానికి ఇంటి విద్య. అయినను అతడు వర్క్‌షీటులో ‘అక్టోబరు’ అని వ్రాసినప్పుడే ‘సరి’ అనిపించుకొనును! తెలిసిన సత్యమును మరచుటకు మార్కులు ఇచ్చుట ఎట్టి బోధన? పైగా, అడవి అంచున ఉన్న బడిలో ‘వనములోనికి పోయి ఆకులు కోసి తెమ్ము’ అనుట చట్టరీత్యా కూడ తగదు. బడి ఆవరణలోని ఒక్క చెట్టును ఏడాది పొడుగునా చూచి, చిగురు, పూత, కాయ, రాలుట ఏ వారములో జరిగినవో వ్రాసికొన్న చాలును.

నీడల పాఠము మరింత విచిత్రము. మధ్యాహ్నపు నీడ ఎల్లప్పుడు ఉత్తర దిక్కుకే పడునని కొన్ని పత్రములలో కనబడును. కర్కట రేఖకు ఉత్తరమున ఉన్న దేశములకు ఇది సత్యమే. మన్ననూరు సుమారు 16.4 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై ఉన్నది. సూర్యుడు ఈ ఊరి నడినెత్తిపైకి ఏటా రెండు మార్లు వచ్చును: మే మొదటి వారములో ఒకసారి, ఆగస్టు మొదటి వారములో మరొకసారి. ఆనాడు మిట్టమధ్యాహ్నము నిటారుగా పాతిన కర్రకు నీడ ఉండదు. ఈ రెండింటి నడుమ నీడ దక్షిణమునకు పడును. మీటరు కర్రకు డిసెంబరు 22న ఉత్తరమునకు సుమారు 83 సెంటీమీటర్ల నీడ, మార్చి 21 ప్రాంతమున 29, జూన్ 21న దక్షిణమునకు 12. ఒక సంగతి: ఇక్కడి మిట్టమధ్యాహ్నము గడియారములో 12 గంటలకు కాదు. భారత ప్రామాణిక కాలము 82.5 డిగ్రీల రేఖాంశమునకు చెందినది. మన్ననూరు దానికి పడమరగా ఉన్నందున, మే నెలలో ఆ క్షణము సుమారు 12 గంటల 12 నిముషములకు వచ్చును. కర్ర, సున్నపు గుర్తు, కొలబద్ద, ఇంతే ఖర్చు. వేసవి సెలవులకు ఇంతకన్న తగిన పని దొరకునా?

అట్లని ఆన్‌లైన్ సామగ్రి అంతయు వ్యర్థమనుట అన్యాయము. గుండెలో రక్తప్రసరణ, అణునిర్మాణము వంటి కంటికి కనబడని విషయములను కదిలే బొమ్మలలో చూపుట మంచి పని. కాని చేతితో చేయదగిన ప్రయోగమును సైతము వీడియోలో చూపి, ‘పరిశీలన’ అన్న శీర్షిక క్రింద జవాబును కూడ తామే చదివి వినిపించే పాఠములు తక్కువేమీ కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 పాఠశాలలతో మొదలై 2002 వరకు సాగిన విజ్ఞాన బోధన కార్యక్రమము దీనికి సరిగా వ్యతిరేకమైనది: అక్కడ పిల్లలు ప్రయోగము చేసి జవాబును రాబట్టుకొనవలసి ఉండేది. ఆ కార్యక్రమములో పనిచేసిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లలు, సైకిలు ట్యూబు ముక్కలతో చేసిన ఆటవస్తువులు కూడ నేడు ఆన్‌లైన్‌లోనే ఉన్నవి. ఆయన పుస్తకములు కొన్ని తెలుగులోనికి వచ్చినవి. అవి చూచిన పిల్లవాడు ఫోను పక్కన పెట్టి పుల్లలు వెదకుకొనును. మంచి సామగ్రిని గుర్తించుటకు ఇదే గీటురాయి అనవచ్చును.

2014-15లో పదవ తరగతికి 20 అంతర్గత మార్కులు ప్రవేశపెట్టినప్పుడు ప్రాజెక్టు పనికి అందులో చోటు కల్పించిరి. ఉద్దేశము మంచిదే. కాని అచ్చు తీయించి అట్టపై అంటించిన అమెజాన్ అడవి చిత్రమునకు, వంకర గీతలతో వ్రాసిన నీడ కొలతల పట్టికకు ఒకే విలువ కట్టినచో పిల్లలు దేనిని ఎంచుకొందురో చెప్పనక్కరలేదు. కొలతలో తప్పు ఉన్నను, ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ చూచినది వ్రాసినవానికే ఎక్కువ మార్కులు రావలెను.

మే నెలలో కర్ర పాతలేకపోయిన బడులు చింతింపనక్కరలేదు. జూన్ రెండవ వారములో బడులు తెరచునాటికి నీడ ఇంకను దక్షిణముననే, దాదాపు 12 సెంటీమీటర్ల పొడవున ఉండును. మబ్బు లేని మధ్యాహ్నము ఒక్కటి దొరికిన చాలును.