ఆముక్తమాల్యదలోని వేసవి విందు

ప్రబంధములందలి గ్రీష్మవర్ణనము పెక్కుచోట్ల నుద్యానవిహార జలక్రీడలతో ముగియును. అందుఁ దాపశాంతి భోగులకు విలాసమే కాని బాటసారికిఁ బ్రాణావసరముగాఁ దోఁపదు. 1509 మొదలు 1529 వఱకు విజయనగరము నేలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమున నీ కొఱఁతను దీర్చెను.

శ్రీవిల్లిపుత్తూరున విష్ణుచిత్తుఁడు వైష్ణవాతిథులకు వేసవియందుఁ బెట్టు భోజన మొక్క పద్యమున వర్ణితము: నులివెచ్చని యన్నము, తియ్యని చారులు, తిమ్మనములు, పలుచని యంబలి, చెఱకురసము, ఎడనీరు, పండ్లు, పరిమళించు చల్లని నీరు, వడపిందెలు, నీరుమజ్జిగ. దీనిని వట్టి వంటకముల పట్టిక యని త్రోసివేయుట తగదు. చందనపుఁబూఁత పద్యాంతమునఁ జెప్పఁబడినను, భోజనమునకు మున్నే జరిగినదని కవియే సూచించెను. మేని వేఁడి యడఁగినఁగాని యాఁకలి పుట్టదు గదా! అన్నము సైతము పొగలు గ్రక్కదు. చెమటతో శరీరము నీటితోపాటు ఉప్పును గోల్పోవును. వడపిందెలు, అనఁగా ఊరవేసిన మామిడిపిందెలు, ఆ లోటును బూరించును.

ఇట్లే వానకాలపుఁ బద్యమున భార్య కన్నులఁ బొగ సొరకుండ టెంకాయచిప్పల మంటపై వంట సాగును. ఋతువును వంటయింటఁ జూచుట రాయల ప్రత్యేకత.

చందనము, సుగంధజలము సంపన్నుల సొత్తు గావా యని యాక్షేపింపవచ్చును. నిజమే, కాని యంబలియు మజ్జిగయు నిరుపేద యింటివి. చక్రవర్తి వానిని జందనముతో నొక్క పంక్తిని నిలిపెను.

పాఠశాలలందు ఈ పద్యమున నలంకారములను వెదకుటకు ముందు, ఆ యతిథి యెట్టి యెండలో నడచివచ్చెనో బోధించుట మేలు. అప్పుడే విద్యార్థికిఁ బద్యార్థము బోధపడును.