నలభై ఒకటో పేజీ తర్వాత

ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో షట్టర్లు దించిన షాపుల ముందు, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. హైదరాబాద్ వచ్చిన కొత్తలో డేల్ కార్నెగీ రాసిన 'హౌ టు విన్ ఫ్రెండ్స్ అండ్ ఇన్‌ఫ్లుయెన్స్ పీపుల్' అక్కడే కొన్నాను. ముప్పై చెప్పి ఇరవై రూపాయలకిచ్చాడు. గదికెళ్ళి తెరిస్తే, నాకంటే ముందు చదివినవాళ్ళెవరో నీలం ఇంకుతో వాక్యాల కింద గీతలు గీసి ఉన్నారు. స్కేలు పెట్టి తిన్నగా గీసిన గీతలు. మరీ నచ్చినచోట పక్కన చుక్క గుర్తు. ఒక పేజీ అంచున చిన్న అక్షరాలతో 'రేపటి నుంచి' అని రాసుకున్నారు. అలా నలభై ఒకటో పేజీ దాకా ఉంది. ఆ తర్వాత చివరి అట్ట వరకూ ఒక్క గీత లేదు.

ఆ మనిషెవరో నాకు తెలియదు. కానీ స్కేలు పట్టుకుని కూర్చుని చదివిన మనిషికి శ్రద్ధ లేదని ఎవరంటారు? తర్వాత్తర్వాత పాత పుస్తకాల్లో వ్యక్తిత్వ వికాసం పుస్తకం ఏది దొరికినా ముందు గీతలు ఎక్కడిదాకా ఉన్నాయో చూడడం అలవాటైంది. చాలావాటిలో మొదటి రెండు మూడు అధ్యాయాల్లోనే ఆగిపోతాయి. ఇంతమంది ఒకేచోట ఆగిపోతున్నారంటే అది వాళ్ళ బద్ధకమని నేననుకోను. మనకు చదవడం రెండు రకాలుగానే నేర్పారు. ఒకటి పరీక్షకు చదవడం. రెండోది నవల చదివినట్టు, తరవాతేమైందో తెలుసుకోవడానికి చదవడం. ఈ పుస్తకాలు ఆ రెండిటికీ లొంగవు. సంగీతం నేర్చుకునే పిల్ల సరళీ స్వరాలు మూడు కాలాల్లోనూ గొంతుకు పట్టేదాకా జంట స్వరాల జోలికి పోదు. పుస్తకంలో తర్వాతి పేజీ ఉంది కదా అని టీచరు తిప్పనివ్వదు. వీటినీ అలాగే చదవాలి.

కార్నెగీ పుస్తకం అసలు పుట్టిందే అలా. ఆయన 1912లో న్యూయార్క్ వైఎంసీఏలో సాయంత్రం పూట జనం ముందు మాట్లాడడం నేర్పే క్లాసులు మొదలుపెట్టాడు. వచ్చేవాళ్ళు పగలంతా ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకునేవాళ్ళు. క్లాసులో విన్న సలహాని బయట మనుషుల దగ్గర ప్రయత్నించి చూసి, మళ్ళీ వచ్చి ఏమైందో చెప్పేవారు. ఆ అనుభవాలు ఏళ్ళ తరబడి పోగై 1936లో పుస్తకమయ్యాయి. ప్రతి అధ్యాయం రెండుసార్లు చదవమనీ, చదువుతూ మధ్యలో ఆగి దీన్ని నేనెక్కడ వాడగలనో ఆలోచించుకోమనీ, నెలనెలా మళ్ళీ తిరగెయ్యమనీ మొదటి పేజీల్లోనే చెప్పాడు. మనం 'ముందుమాటేలే' అని దాటేసేది సరిగ్గా ఆ పేజీలనే.

మొన్న చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదువుతున్న ఒక అబ్బాయి పరిచయమయ్యాడు. మాటల్లో "ఈ ఏడాది యాభై రెండు పుస్తకాలు చదవాలని పెట్టుకున్నాను సార్, వారానికొకటి" అన్నాడు. అన్నీ వ్యక్తిత్వ వికాసం పుస్తకాలే. టైం చాలనప్పుడు ఫోన్‌లో పుస్తక సారాంశం చెప్పే పది నిమిషాల వీడియో చూసేస్తానన్నాడు. కళ్ళల్లో ఎంత ఆశ ఉందో! ఆ ఆశ మీద నీళ్ళు చల్లడానికి నాకు మనసు రాలేదు. "అందులో ఒక్కటే తీసుకుని ఏడాదంతా చదివితే?" అని మాత్రం అడిగాను. "మిగతా యాభై ఒకటి మిస్సవుతాను కదా సార్" అన్నాడు. చాలామంది మనసులో ఉన్న భయం ఇదే. అతనికి అప్పటికప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఈ వారం కాలమ్ అతని కోసమే.

బాబూ, గాంధీగారు ఆత్మకథలో తన చదువు గురించి రాసిన ముక్క ఒకటుంది. చదువుకునే రోజుల్లో పాఠ్యపుస్తకాలు తప్ప పెద్దగా చదవలేదట. పనిలో పడ్డాక తీరికే లేదట. అందువల్ల పోయిందేమీ లేదనీ, తక్కువ చదవడం వల్లే చదివింది వంటబట్టించుకోగలిగాననీ అంటారు. 1904లో ఆయన జోహానెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్తుంటే, సాగనంపడానికి స్టేషన్‌కి వచ్చిన మిత్రుడు పోలక్ దారిలో చదువుకోమని ఒక పుస్తకం చేతిలో పెట్టాడు. జాన్ రస్కిన్ రాసిన 'అన్‌టు దిస్ లాస్ట్'. ఇరవై నాలుగ్గంటల ప్రయాణం. మొదలుపెట్టాక కింద పెట్టలేకపోయారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పుస్తకం చెప్పినట్టు బతకాలని నిర్ణయించుకున్నారు. పుస్తకం చదివి నిద్రపట్టని రాత్రులు మనకూ ఉంటాయి. ఆయన మర్నాడు చేసింది చూడు. ప్రెస్సు చూసుకుంటున్న వెస్ట్‌తో మాట్లాడి, 'ఇండియన్ ఒపీనియన్' పత్రికను ఊరి బయట ఒక పొలంలోకి మార్చేద్దామన్నారు. అక్కడ అందరూ ఒళ్ళు వంచి పని చెయ్యాలి, రంగూ దేశమూ చూడకుండా అందరికీ నెలకు మూడు పౌండ్లు. కొద్ది రోజుల్లోనే ఫీనిక్స్ దగ్గర భూమి కొన్నారు. ముందు ఇరవై ఎకరాలు, ఆ తర్వాత పక్కనున్న ఎనభై, మొత్తం వెయ్యి పౌండ్లు. నాలుగేళ్ళ తర్వాత అదే పుస్తకాన్ని గుజరాతీలో 'సర్వోదయ' పేరుతో తన మాటల్లో చెప్పుకున్నారు. అంటే ఆ పుస్తకం ఆయన దగ్గర రైలు దిగగానే అయిపోలేదు.

అంత పెద్ద నిర్ణయాలు అందరివల్లా కావు. నా వల్ల కాలేదు. నాకు దారి చూపించింది బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆత్మకథ. ఫిలడెల్ఫియాలో ప్రింటింగ్ ప్రెస్సు నడుపుకుంటున్న కుర్రతనంలో ఆయన తనకు కావలసిన మంచి గుణాలు పదమూడు రాసుకున్నాడు. ఒక చిన్న పుస్తకం కుట్టుకుని, ఒక్కో గుణానికి ఒక్కో పేజీ కేటాయించాడు. ఎర్ర సిరాతో గళ్ళు గీశాడు. నిలువుగా వారానికి ఏడు గళ్ళు, అడ్డంగా పదమూడు గుణాలు. రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు తప్పిన గుణం ఎదురుగా నల్ల చుక్క పెట్టేవాడు. వారానికి ఒక్క గుణం మీదే మనసు పెట్టి, ఆ ఒక్క వరస శుభ్రంగా ఉంచడానికి ప్రయత్నించేవాడు. పదమూడు వారాలకు ఒక చుట్టు. ఏడాదికి నాలుగు చుట్లు. నువ్వు లెక్క వేసిన యాభై రెండు వారాలే, ఆయన లెక్కలోనూ ఉన్నాయి.

పాత చుక్కలు చెరిపి కొత్తవి పెట్టి, చెరిపి పెట్టి, ఆ కాగితాలకు చిల్లులు పడ్డాయట. అప్పుడు ఏనుగు దంతపు రేకులున్న పుస్తకం సంపాదించి, దాని మీద పెన్సిల్‌తో చుక్కలు పెట్టి, తడి స్పాంజితో తుడిచేసేవాడు. ఇది చదివినప్పుడు నాకు చిన్నప్పటి పలక, తడిగుడ్డ గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. ఆయన జాబితాలో రెండోది మితంగా మాట్లాడడం. జ్ఞానం నాలుకతో కంటే చెవులతోనే ఎక్కువ దొరుకుతుందని ఆయన కారణం రాసుకున్నాడు. కార్నెగీ కూడా ఎదుటివాళ్ళు చెప్పేది వినడం మీద ఒక అధ్యాయమే రాశాడు. రెండు పుస్తకాలూ ఒకేచోట వేలు పెట్టి చూపించాయి. అది నా లోపమే. ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో అందుకోవడం, వాళ్ళ వాక్యం నేనే పూర్తి చేసెయ్యడం, 'ఆ, తెలుసు తెలుసు' అనడం. నేను చురుకైనవాణ్ణని ఇంట్లో, ఆఫీసులో అందరూ మెచ్చుకునేవారు. అది చురుకుదనం కాదని, పక్కమనిషికి దెబ్బ అని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

రూపాయి నాణెమంత మందం ఉన్న చిన్న జేబు పుస్తకం కొన్నాను. మిగతా పన్నెండు గుణాలూ పక్కన పెట్టేశాను. ఒక్కటే వరస, ఏడు గళ్ళు. మాట మధ్యలో అడ్డొచ్చినప్పుడల్లా చుక్క. మొదటి సోమవారం పదకొండు చుక్కలు పడ్డాయి, అదీ నాకు తెలిసినవి మాత్రమే. మూడో వారానికి అయిదారుకు దిగాయి. నేను సంతోషిస్తుండగానే చెల్లెలి కూతురి పెళ్ళొచ్చింది. నలుగురూ కలిసిన ఇంట్లో చుక్కలు పెట్టడానికి గడి చాలలేదు.

అప్పటికి ఇరవై ఒక్క రోజులు దాటిపోయాయి. ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని నేనూ నమ్మినవాణ్ణే. ఆ లెక్క ఎక్కడిదా అని వెతికితే, మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన 'సైకో సైబర్నెటిక్స్' దగ్గర తేలింది. ఆపరేషన్ తర్వాత మారిన తమ ముఖానికి అలవాటు పడడానికి రోగులకు కనీసం ఇరవై ఒక్క రోజులు పడుతోందని ఆయన గమనించాడు. చేతులు మారుతూ వచ్చేసరికి అందులో 'కనీసం' అన్న మాట రాలిపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ, ఆమె సహచరులు 96 మందితో చేసి 2009లో బయటపెట్టిన అధ్యయనంలో, కొత్త పని అప్రయత్నంగా జరిగే దశకు చేరడానికి పట్టిన కాలం మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. నడిమి లెక్క 66. మధ్యలో ఒక్కరోజు తప్పితే కొంప మునగదని కూడా అందులోనే తేలింది. ఈ సంగతి ఆ నీలం ఇంకు మనిషికి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. 'రేపటి నుంచి' అనుకుని, ఎల్లుండి తప్పి, ఇక నావల్ల కాదని పుస్తకం మూసేసి ఉంటారేమోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

సారాంశం వీడియోల మీద నాకున్న అభ్యంతరం కూడా, ఆ 'కనీసం'లా రాలిపోయేదాని గురించే. పుస్తకంలో సలహా ఒక్క వాక్యమే. 'శ్రద్ధగా విను'. అది మన అమ్మమ్మకీ తెలుసు. రచయిత దాని చుట్టూ ఇరవై పేజీల మనుషుల్ని, సంఘటనల్ని ఎందుకు పేరుస్తాడు? ఆ ఇరవై పేజీలు చదివే అరగంటలో మన ఇల్లు, మన ఆఫీసు, మనం నొప్పించిన మనుషులు ఒక్కొక్కరే గుర్తొస్తారు. సలహా లోపలికి దిగేది ఆ అరగంటలోనే. వీడియో ఆ అరగంటని తీసేసి వాక్యం మాత్రం చేతిలో పెడుతుంది. అందుకే నేను ఏడాదికి రెండు పుస్తకాలు దాటను. పొద్దున కాఫీ అయ్యాక నాలుగైదు పేజీలు. పెన్సిల్ ఉంటుంది. గీత గియ్యను, ఆ వాక్యం ఎవరిని గుర్తు చేసిందో ఆ మనిషి పేరు అంచున రాస్తాను.

విజయం సంగతేమిటని అడుగుతారు. ఈ పుస్తకాల వల్ల నాకు ప్రమోషన్ రాలేదు, ఇల్లు కొనలేదు. నెల తిరిగేలోగా కోట్లు అని అట్ట మీద రాసి ఉన్న పుస్తకం నేను ముట్టుకోను. డబ్బు, కులం, పుట్టిన ఊరు మనిషి దారిలో పెట్టే అడ్డంకులు ఏ పుస్తకమూ తీసెయ్యదు. అవి తీసెయ్యడానికి వేరే పోరాటాలు కావాలి. నాకేం వచ్చిందో ఒక్కటి చెప్తాను.

నాన్న తెనాలి దగ్గర పల్లెటూళ్ళో ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. ఆయన దగ్గర ఒక సైకిల్ కథ ఉంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు హెర్క్యులస్ కొన్నానని మొదలుపెడతారు. డబ్బులు ఎలా కూడబెట్టిందీ, తెనాలి నుంచి దాన్ని తొక్కకుండా నడిపించుకుంటూ ఎలా తెచ్చిందీ చెబుతారు. అక్కడికి రాగానే నేను "చాలాసార్లు చెప్పావు నాన్నా" అనేవాణ్ణి. ఆయన నవ్వి ఊరుకునేవారు. జేబు పుస్తకం మొదలుపెట్టిన మూడో నెలలో ఊరెళ్ళాను. అన్నాలయ్యాక వరండాలో మంచం మీద కూర్చుని మళ్ళీ అదే కథ ఎత్తుకున్నారు. నాలుక చివరిదాకా వచ్చింది మాట. జేబులో పుస్తకం తగిలింది. ఊరుకున్నాను. సైకిల్ ఊళ్ళోకి వచ్చింది. నేను ఊరుకునే ఉన్నాను. నాన్న నా వంక ఒకసారి చూసి, గొంతు తగ్గించి, ముందుకెళ్ళారు.

ఆ సైకిల్ మీద అమ్మకి తొక్కడం నేర్పారట. ఊరు సద్దుమణిగాక, వెన్నెల రాత్రుళ్ళు, కాలవ గట్టు మీద. మగవాళ్ళ సైకిల్ కదా, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, అడ్డ కడ్డీ కింద నుంచి కాలు పెట్టి తొక్కేదట. ఆయన వెనక సీటు పట్టుకుని పరిగెత్తేవారు. నెల రోజుల్లో లాకుల దాకా ఒక్కతే వెళ్ళి వచ్చిందట. నలభై ఏళ్ళ వయసులో నేను మొదటిసారి విన్నాను ఈ సంగతి. మా అమ్మ సైకిల్ తొక్కేది.

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. "లాకుల దాకా ఏంటండీ! ఒకరోజు మీరు బడికెళ్ళకుండా జ్వరంతో పడుకున్నారు చూడండి, ఆ రాత్రి లాకులు దాటి, అవతల మామిడి తోట దాకా వెళ్ళొచ్చాను."

నాన్న వంటింటి వైపు తిరిగి చూశారు. ఆ మాట ఆయనా అప్పుడే విన్నారు.