మూగజీవులే వేగులు

సెలవు రోజున పల్నాటి రొంపిచెర్లలో తాతలూ మనవలూ ఒకే టీవీ ముందు చేరి నవ్వుకుంటూ చూసే సినిమాల్లో ఒక రకం ఉంది. ఇంటివాళ్ళ ముందు కుక్క తోకాడిస్తుంది, పిల్లి మూలన ముడుచుకుని కునుకుతుంది. వాళ్ళు తలుపేసుకుని వెళ్ళగానే రెండూ లేచి రహస్య విధుల్లోకి దిగుతాయి. 2001లో వచ్చిన ‘క్యాట్స్ అండ్ డాగ్స్’లో కుక్కల వల్ల మనుషులకు కలిగే అలర్జీకి మందు కనిపెడుతున్న శాస్త్రవేత్తను కాపాడటానికి కుక్కలు గూఢచారులవుతాయి, ఆ మందు బయటికి రాకుండా పిల్లులు కుట్ర పన్నుతాయి. 2009 నాటి ‘జీ-ఫోర్స్’లో గినీ పందులే ప్రభుత్వ వేగులు. ఇదంతా హాలీవుడ్ కొత్తగా కనిపెట్టిన తమాషా అని చాలామంది అనుకుంటారు. కానీ తెలివిని దాచుకుని మనుషుల మధ్య తిరిగే ప్రాణి మన కథలకు ఎంతో పాత నేస్తం. మనిషిని రానివ్వని చోటికి ఆ ప్రాణి వెళ్ళగలదన్నదే ఈ కథలన్నిటి ఆయువుపట్టు. ఆ సంగతిని ఎంత లోతుగా చెప్పవచ్చో చూపించిన కవి పల్నాటివాడే.

లెక్కలోకి రాని ఆకారం

వేగుకు మొదట కావలసింది ఎవరి కంటా పడకపోవడం. పడినా ఎవరూ లెక్కచేయకపోవడం. సుందరకాండలో హనుమంతుడు పగలంతా ఆగి, చీకటి పడ్డాక పిల్లి అంతటివాడై లంకలోకి అడుగుపెడతాడు. సముద్రం దాటిన మహాకాయం ఊళ్ళోకి వెళ్ళడానికి పనికిరాలేదు. పెరడులో తిరిగే పిల్లి పరిమాణమే పనికొచ్చింది. బలం ఎక్కడ చూపించాలో, ఎక్కడ దాచాలో తెలియడమే వేగు విద్యలో తొలి పాఠం.

తెలుగు ప్రబంధాల్లో ఈ పాఠాన్ని అందరికన్నా అందంగా వాడుకున్నవాడు 16వ శతాబ్దపు పింగళి సూరన. ఆయన ‘ప్రభావతీ ప్రద్యుమ్నము’లో వజ్రనాభుడనే రాక్షసరాజు కోటలోకి అతని అనుమతి లేనిదే ఎవరూ అడుగుపెట్టలేరు. దేవేంద్రుడు అక్కడికి హంసలను పంపుతాడు. కొలనులో వాలిన హంసను శత్రువని అనుమానించేదెవరు? వాటిలో శుచిముఖి అనే హంస తన మాటకారితనంతో రాజునే మెప్పించి, రాకుమారి ప్రభావతికి చెలికత్తె అయిపోతుంది. అక్కడి నుంచి ప్రభావతికీ కృష్ణుడి కొడుకు ప్రద్యుమ్నుడికీ మధ్య ప్రేమకథ నడిపి, నటుల వేషంలో ప్రద్యుమ్నుడు కోటలోకి రావడానికి దారి వేస్తుంది. శత్రువుకు కోట తలుపులు తీసేది చివరికి ఆ కోట యజమానే. నేటి సినిమాలో ఇంటాయన పిల్లిని ముద్దుగా ఎత్తుకుని తన రహస్యపు గదిలోకి తానే తీసుకెళ్ళే సన్నివేశానికి మూలసూత్రం ఇదే.

నోరు విప్పే వేళ

రెండో మెళకువ మాటను అదుపులో పెట్టుకోవడం. జంతువు మాట్లాడగలదని ముందే అందరికీ తెలిస్తే కథ అక్కడితో సరి. ఎవరి ముందు, ఎప్పుడు, ఏ భాషలో మాట్లాడాలన్నదే అసలు నేర్పు. అశోకవనంలో చెట్టు మీద కూర్చున్న హనుమంతుడు ఈ విషయంలోనే తర్జనభర్జన పడతాడు. పండితుల సంస్కృతంలో పలకరిస్తే సీత తనను రావణుడే అనుకుని బెదిరిపోతుందేమోనని, మామూలు మనుషుల మాట ఎంచుకుంటాడు.

శ్రీనాథుడు ‘శృంగార నైషధము’లో చెప్పిన హంస కూడా అంత జాగ్రత్త గలదే. నలుడి తరఫున దమయంతి ఉద్యానవనానికి చేరిన హంస, చెలికత్తెలందరి మధ్యా నోరు తెరవదు. చేతికి చిక్కినట్టే చిక్కి తప్పించుకుంటూ దమయంతిని చెలులకు దూరంగా తీసుకుపోతుంది. ఆమె ఒంటరిగా దొరికాకే మనిషి గొంతుతో పలుకుతుంది. అప్పటిదాకా అది అందరికీ ఒట్టి పక్షి.

ఈ శ్రీనాథుడి పేరుతోనే పల్నాటి వీరచరిత్ర కూడా ప్రసిద్ధం. అందులో నాగమ్మ, బ్రహ్మనాయుడి పక్షాల మధ్య కోడిపందెం జరిగి, ఓడిన బ్రహ్మనాయుడి పక్షం మాచర్లవారు ఏడేళ్ళు రాజ్యం విడిచి పోవలసి వస్తుంది. పందెపు కోడిని మనిషి తన పగకు ఆయుధం చేసుకున్నాడు. దాని ఇష్టంతో ఎవరికీ పనిలేదు. హంస మాత్రం తన బుద్ధితో తాను నడిచింది, ఏం చెప్పాలో తానే నిర్ణయించుకుంది. పెంపుడు వేగుల కథలు మనకు నచ్చడానికి ఈ తేడాయే కారణమని నా నమ్మకం. అక్కడ జంతువు మన చేతిలో పనిముట్టు కాదు. దానికంటూ ఒక మనసుంది.

కథ చెప్పి కాలం గడపడం

మూడో మెళకువ పంజరంలో ఉండే పక్షులది. వాటికి బలం లేదు, బయటికి వెళ్ళే వీలు లేదు. ఉన్నది నోరొక్కటే. పాలవేకరి కదిరీపతి ‘శుకసప్తతి’లో చిలుక, అయ్యలరాజు నారాయణామాత్యుడి ‘హంసవింశతి’లో హంస చేసేది ఒకే పని. ఇంట్లో జరగబోయే తప్పును కనిపెట్టి, ఆ రాత్రికి అడ్డుకోవడం. రాజు పిలుపు మీద బయల్దేరబోతున్న ఇల్లాలు హేమావతిని ‘వెళ్ళవద్దు’ అని హంస అనదు. ఒక కథ విని వెళ్ళమంటుంది. కథ ముగిసేసరికి తెల్లవారుతుంది. అలా ఇరవై కథలు. చిలుకకైతే డెబ్భై. ఇంటి గుట్టంతా తెలిసీ దాన్ని వీధిలో వేయకుండా ఇంటిని నిలబెట్టే ఈ పక్షులు పెద్దల కథల్లోవే అయినా, కుటుంబ హాస్యచిత్రంలోని కుక్క చేసేదీ అదే కాపలా. ఆ కాపలాలోని మర్యాద నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది.

మనిషిని చదివే పశువు

ఇవన్నీ కవుల ఊహలు కదా అంటే, ఊరి వీధిలో కళ్ళెదుటే కనిపించే రూపం ఒకటుంది. సంక్రాంతి నెలలో సన్నాయి, డోలుతో వచ్చే గంగిరెద్దు. రంగురంగుల బొంతలు కప్పుకుని, గజ్జెలు ఘల్లుమనగా గుమ్మం ముందు నిలబడి, అయ్యగారికి దండం పెట్టమంటే ముందుకాళ్ళు వంచుతుంది. ఈ ఇల్లు చల్లగా ఉంటుందా అంటే తలూపుతుంది. ఎద్దుకు తెలుగొచ్చని పిల్లలు అబ్బురపడతారు. పెద్దవాళ్ళు అదంతా అలవాటు చేసిందేనని తీసిపారేస్తారు. నిజం ఈ రెంటికన్నా గొప్పది.

ఆడించేవాళ్ళు దూడ వయసు నుంచే దానితో మెలుగుతారు. పగ్గం మీద చిన్న కదలిక, డోలు దరువులో మార్పు, గొంతులో హెచ్చుతగ్గు, నిలబడే తీరు, వీటన్నిటినీ ఎద్దు పట్టుకుంటుంది. చూసేవాళ్ళ చెవి ప్రశ్న మీద ఉంటుంది, ఎద్దు ధ్యాస మనిషి మీద ఉంటుంది. ఆ సైగ జనానికి తెలియనివ్వకపోవడమే కళ. బెర్లిన్‌లో లెక్కలు చేసే గుర్రంగా పేరు పడ్డ హాన్స్‌ను పరీక్షించి, ఆస్కర్ ఫుంగ్‌స్ట్ 1907లో తేల్చింది కూడా ఇదే. గుర్రానికి లెక్కలు రావు. సరైన జవాబు దగ్గరికి రాగానే అడిగినవారి తలలో, ఒంట్లో కలిగే అతిచిన్న కదలికను చూసి అది గిట్ట కొట్టడం ఆపేది. అడిగేవారికే జవాబు తెలియకపోతే గుర్రమూ తప్పేది. తన ఒళ్ళు సైగ చేస్తున్నట్టు యజమానికే తెలియదు. జంతువు మనల్ని గమనించడం కట్టుకథ కాదని దీనితో రుజువైంది. ఆ గమనింపును తెలిసి, సాధన చేసి, పాటతో కలిపి ఒక కళగా మలిచినవాళ్ళు మన గంగిరెద్దులవాళ్ళు. వాళ్ళను గుమ్మం ముందు నిలబడ్డ యాచకులుగా చూడటం అన్యాయం. వాళ్ళు పశువు మనసు తెలిసిన విద్వాంసులు.

సహజగుణమే నవ్వు

నిజంగా జంతువులను గూఢచర్యానికి వాడబోయినవాళ్ళకు ఎదురైన అనుభవం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1960లలో అమెరికా గూఢచార సంస్థ సీఐఏ పిల్లి ఒంట్లో మైకు అమర్చి రహస్యాలు వినాలనుకుంది. పిల్లి తన ఇష్టం వచ్చినట్టు తిరిగేదే తప్ప చెప్పిన చోట ఉండదు. అది ఆచరణకు పనికిరాదని 1967లో వదిలేశారు. పొరుగున ఒడిశాలో 1946లో కొరాపుట్‌లో మొదలైన పోలీసు పావురాల తపాలా మాత్రం దశాబ్దాలు నడిచింది. గూటికి తిరిగి చేరడం పావురం స్వభావం కనుక ఆ పని దానికి ఒప్పింది. మంచి హాస్యచిత్రాలు ఈ సత్యాన్ని పట్టుకుంటాయి. వేగు కుక్క ఎంత గంభీరమైన విధిలో ఉన్నా, ఎదురుగా బంతి దొర్లితే దాని కాళ్ళు ఆగవు. ప్రాణి స్వభావాన్ని ప్రేమతో ఎరిగినప్పుడే అలాంటి నవ్వు పుడుతుంది.

మన తెరమీద ఈ కళకు మంచి ఉదాహరణ 2012 నాటి రాజమౌళి ‘ఈగ’. హత్యకు గురైన యువకుడు ఈగగా పుడతాడు. దానికి మాట లేదు. ఉన్నవల్లా రెక్కలు, ముందుకాళ్ళు, పట్టుదల. దర్శకుడు ఆ లేమినే కథనానికి బలం చేసుకున్నాడు. ఈగ చెవిలో రొద పెడుతుంది, నిద్ర చెడగొడుతుంది, చెప్పదలచింది రాసి చూపిస్తుంది. చేత్తో తోలేసే పురుగు ముందు కోటీశ్వరుడి కాపలా ఎందుకూ కొరగాకుండా పోతుంది. పిల్లలు పడీపడీ నవ్విన ఈ సినిమాకు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం దక్కింది.

గబ్బిలం వెళ్ళిన చోటు

ఈ సంప్రదాయం విలువ ఎంతటిదో తెలియాలంటే రొంపిచెర్ల ఉన్న పల్నాడు జిల్లాలోనే వినుకొండకు వెళ్ళాలి. 1895లో అక్కడ పుట్టిన గుర్రం జాషువా 1941లో ‘గబ్బిలం’ వెలువరించాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దూత. జాషువా కథానాయకుడు అంటరానివాడని ఊరు వెలివేసిన పేదవాడు. తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పుకోవాలంటే గుడి గడప దాటే హక్కు అతనికి లేదు. గబ్బిలాన్ని ఆపేవాళ్ళు లేరు. అది గర్భగుడి కప్పుకే వేలాడుతుంది. అందుకే అర్చకుడు లేని సమయం చూసి దేవుడి చెవిన తన మాట వేయమని దాన్ని వేడుకుంటాడు.

హంస కోటలోకి వెళ్ళినప్పుడు మనం దాని యుక్తికి ముచ్చటపడ్డాం. గబ్బిలం గుడిలోకి వెళ్ళినప్పుడు సిగ్గుపడాలి. గబ్బిలానికి ఉన్న చనువు సాటిమనిషికి లేకుండా చేసిన లోకాన్ని ఆ కావ్యం నిలదీసింది. మెళకువ ఒకటే, లెక్కలోకి రాని ప్రాణి మూసిన తలుపు దాటడం. ఆ తలుపు ఎవరు మూశారని అడగగలిగినప్పుడు ఆ మెళకువ మహాకావ్యమవుతుంది.

అందుకే పెంపుడు వేగుల సినిమాను పిల్లల కాలక్షేపమని తేలిగ్గా చూడకూడదు. అది చూస్తూ నవ్వే పిల్లవాడు, తనకన్నా చిన్న ప్రాణికి కూడా ఒక మనసుంటుందని నమ్మడం నేర్చుకుంటున్నాడు. శుచిముఖి, హేమావతి ఇంటి హంస, గంగిరెద్దు, గబ్బిలం, ఈగ, ఇన్ని ఉన్న మన భాషలో ఆ నమ్మకాన్ని పెంచే కొత్త కుటుంబ చిత్రాలకు కథల కరువు లేదు. పల్నాటి ఊరిని, పల్నాటి పశువును, పల్నాటి మాటను తెరకెక్కించే దర్శకుడు రావాలి. ఈలోగా ఇంట్లో సినిమా పూర్తయ్యాక శుచిముఖి కథో, గబ్బిలం కథో పిల్లలకు చెప్పే బాధ్యత పెద్దలది.