రేల పాటకు మార్కులు ఎట్లా వేయాలి?

మూడేళ్ల కింద మా ఆశ్రమ పాఠశాలలో పాటల పోటీ పెట్టాము. న్యాయనిర్ణేతలం ముగ్గురు ఉపాధ్యాయులం. అందులో ఇద్దరం కోయవాళ్లమే. చేతిలో ఒక కాగితం: శ్రుతికి 10, లయకు 10, ఉచ్చారణకు 10, భావానికి 10, వేదిక మీద ప్రదర్శనకు 10. ఏడో తరగతి పిల్ల ఒకతి వచ్చి కోయ భాషలో రేల పాట ఎత్తుకుంది. రెండు చరణాలకే లయ తప్పింది, గొంతు సన్నబడింది, ఆపేసి దిగిపోయింది. 50కి 17 వేశాము. సినిమా పాట పాడిన పిల్లవాడికి 41 వచ్చాయి.

ఆ వేసవిలో వాళ్ల ఊళ్లో పెళ్లికి వెళ్లాము. అదే పిల్ల, అదే పాట. ఆడపిల్లల వరుసలో చేతులు కలిపి, అడుగు వేస్తూ, రాత్రి చాలాసేపు పాడింది. లయ ఒక్కచోట కూడా జారలేదు. అప్పుడు మాకు అర్థమైంది. ఆ పాటకు లయ కాళ్లలో ఉంటుంది. మేము ఆ పిల్లను మైకు ముందు కదలకుండా నిలబడమన్నాము. కాళ్లను ఆపింది మేము, లయ తప్పిందని మార్కులు కోసింది కూడా మేమే.

ఆ కాగితం మేము కనిపెట్టింది కాదు. టీవీ చూసి నేర్చుకున్నది. అందుకే టీవీ తీర్పుల గురించి కొంచెం మాట్లాడుకోవాలి.

తెలుగులో ఈ పోటీలకు దారి వేసింది 1996లో ఈటీవీలో మొదలైన 'పాడుతా తీయగా'. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అందులో తీర్పు చెప్పడమే కాదు, పాఠం చెప్పేవారు. పాట రాసిందెవరు, బాణీ కట్టిందెవరు, ఏ సందర్భంలో వచ్చింది అని వివరించేవారు. పిల్లలు తప్పు పాడితే "బాగాలేదు" అని వదిలేయకుండా, ఏ మాట దగ్గర స్వరం జారిందో తాను పాడి చూపించేవారు. ఉపాధ్యాయులు ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఇది. తప్పును చూపించాలి, పిల్లను చిన్నబుచ్చకూడదు. 2022లో ఆహాలో మొదలైన 'తెలుగు ఇండియన్ ఐడల్' నాటికి పద్ధతి మారింది. మొదటి ఏడు తమన్, నిత్యా మీనన్, కార్తీక్ న్యాయనిర్ణేతలు. వాళ్ల మాటలతో పాటు ప్రేక్షకుల ఓట్లూ, పిల్లల ఇంటి కథలూ, కన్నీళ్లూ వచ్చి చేరాయి.

ఈ పోటీల్లో పాడేది ఎక్కువగా సినిమా పాట. సినిమా పాట ఒక్క గొంతు కోసం, మైకు కోసం, నాలుగైదు నిమిషాల కోసం కట్టింది. వెనక వాద్యబృందం శ్రుతి ఇస్తుంది. అసలు పాట అందరి చెవుల్లో ఉంటుంది కనుక దానితో పోల్చి చూడవచ్చు. అలాంటి పాటకు శ్రుతి, లయ, ఉచ్చారణ అని విడగొట్టి చూడడం న్యాయమే. ఆ కొలత తప్పని మేము అనడం లేదు. దానికి తగిన పాట వేరు అంటున్నాము. 2025లో 'పాడుతా తీయగా' రజతోత్సవ పోటీల్లో పాడిన ఒక గాయని తీర్పులో పక్షపాతం ఉందని బహిరంగంగా ఆరోపించినప్పుడు పెద్ద చర్చ జరిగింది. ఆ వాదులోకి మేము వెళ్లడం లేదు. కానీ ఆ చర్చలో మార్కులు ఎవరికి ఎక్కువ వేశారు, ఎవరికి తక్కువ వేశారు అన్న మాట వినబడింది. ఈ కొలత అన్ని పాటలకూ సరిపోతుందా అన్న ప్రశ్న మాత్రం మా చెవిన పడలేదు. ఆ ప్రశ్న మనమే వేసుకోవాలి.

మాటీవీలో 'రేలారే రేలా' అని జానపద పాటల పోటీ వచ్చింది. గోరటి వెంకన్న, సుద్దాల అశోక్ తేజ వంటి పాట కట్టేవాళ్లు అక్కడ తీర్పు చెప్పారు. పల్లె గొంతులకు గౌరవం దక్కింది, సంతోషం. ఆ పేరు మాత్రం మన పాటల పల్లవిది. మేము చూసినంతలో అక్కడ వినబడినవి ఎక్కువగా తెలుగు జానపదాలే. మన భాష మాటకు తెలియకపోతే ఉచ్చారణకు మార్కు ఎవరు వేస్తారు? మా బడిలోనూ అదే జరిగింది. కోయ ఇళ్ల నుంచి వచ్చిన చిన్నపిల్లలు తెలుగు పాటలో 'భ'ను 'బ' అంటే మార్కు తీసేశాము. తెలుగు ఉపాధ్యాయుడు కోయ పాటలో మాటను తప్పుగా పలికితే మాత్రం ఎవరూ గమనించలేదు.

కొందరు అంటారు, మన పాటకు తీర్పే వద్దు, అది పండుగ, అది బతుకు, దానికి మార్కులేమిటి అని. ఈ మాటతో మేము ఏకీభవించము. మన ఊళ్లలో తీర్పు ఉంది, టీవీ తీర్పు కంటే కఠినంగా ఉంది. రేల వరుసలో ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవాలి. అందరూ అందుకోలేనంత ఎత్తులో మొదలుపెడితే పెద్దమ్మలు అక్కడికక్కడే అంటారు. ఆ ఊరివాళ్లు పాటతో ప్రశ్న వేస్తే ఈ ఊరివాళ్లు పాటతోనే జవాబు చెప్పాలి. జవాబు దొరక్క పాత చరణమే మళ్లీ పాడితే నవ్వులపాలే.

డోలి కళాకారుల తీర్పు ఇంకా గట్టిది. పడిగె విప్పి, డోలు కొట్టి వంశకథ చెప్పేవాడు ఏ ఇంటిపేరు ఏ గట్టుదో తప్పకుండా చెప్పాలి. మూడో గట్టు పేరు నాలుగో గట్టులో చెబితే అది పాట తప్పు మాత్రమే కాదు. పెళ్లి సంబంధాలు గట్టును బట్టే చూస్తాము కనుక చుట్టరికాలే తారుమారు అవుతాయి. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు చదువు రానివారు. సమ్మక్క సారలమ్మల కథనూ కోయ వీరుల కథలనూ జ్ఞాపకం నుంచే చెప్పేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో మనల్ని విడిచిపోయారు. ఆయనను మా కాగితం ముందు నిలబెడితే ఎన్ని మార్కులు వచ్చేవి? శ్రుతిపెట్టె లేదు, మూడు నిమిషాల్లో ముగించే పాట లేదు. జ్ఞాపకానికి మా కాగితంలో గడి కూడా లేదు.

అందుకని ఈ ఏడు మేము కాగితం మార్చాము. రేల పాటకు ఒక్కరిని కాదు, కనీసం ఆరుగురిని పిలిచాము. మైకు పక్కన పెట్టి నేల మీద ఆడుతూ పాడమన్నాము. ఐదు ప్రశ్నలు రాసుకున్నాము. ఎత్తుకున్న పాటను అందరూ అందుకోగలిగారా? మాటకూ మాటకూ మధ్య అడుగు తప్పిందా? ఎదుటి జట్టు ప్రశ్నకు జవాబు కుదిరిందా? కోయ మాట ఇంట్లో పలికినట్లే పలికారా? ఈ పాట ఎప్పుడు పాడతారో, ఎవరు నేర్పారో చెప్పగలిగారా? తీర్పు చెప్పడానికి ఊరి నుంచి ఇద్దరు పెద్దమ్మలను పిలిచాము. వాళ్లు మాకంటే తక్కువ మార్కులు వేశారు. డీజే దరువుకు రేల మాటలు అతికించి పాడిన మగపిల్లల జట్టుకు చప్పట్లు బాగా వచ్చాయి, మార్కులు రాలేదు. ఎందుకు రాలేదో పెద్దమ్మ ఒకామె పాడి చూపించింది. పిల్లలు తలవంచుకుని కాదు, నోరు తెరుచుకుని విన్నారు.

ఇబ్బందులు లేవని కాదు. పాట అరగంట దాటింది, మధ్యాహ్న భోజనం ఆలస్యమైంది. ఊరూరికీ పాట తీరు వేరు. చర్ల వైపు పిల్లలదీ గుండాల వైపు పిల్లలదీ ఒకే కొలతతో చూడలేము. 2015లో మొదలైన కళా ఉత్సవ్ వంటి పోటీలకు పిల్లలను పంపాలంటే అక్కడి సమయానికి, అక్కడి కాగితానికి తగ్గట్టు కూడా సిద్ధం చేయాలి. రెండు కొలతలూ మన పిల్లలకు తెలియాలి. సినిమా పాట పాడాలనుకునే పిల్లకు శ్రుతి నేర్పుదాం, టీవీకి వెళ్లాలంటే పంపుదాం. ఆ కొలత ఒక్కటే ఉందని మాత్రం మన బడిలో నేర్పవద్దు.

ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతి. ఈ ఏడు వరుసలో చేయి కలిపింది కానీ పాట ఎత్తుకోలేదు. ఎత్తుకోమని మేమూ అడగలేదు. అడిగేముందు ఆ 17 మార్కుల సంగతి ఆమెతో మేము మాట్లాడాలి.